లెక్కల పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

హైటెక్ సిటీ అనగానే 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ గుర్తుకొస్తుంది. ఆ చుట్టుపక్కల మేడలు కట్టే కూలీల పిల్లలెందరో అక్కడి సర్కారు బడుల్లోనే చదువుతారు. పని ఎటు దొరికితే కుటుంబం అటు కదులుతుంది. బడి మారినప్పుడల్లా లెక్కల్లో ఒక మెట్టు తప్పిపోతుంది. ఇంట్లో చెప్పేవాళ్లు లేని మనలాంటి వాళ్లకు బడే దిక్కు.

అలాంటి తరగతిలో టీచరు ముందు పిల్లల తప్పును చదవాలి. 'మూడు వందల ఐదు' అంటే 3005 అని రాస్తే, విన్న 300 పక్కన 5 పెట్టారన్నమాట. స్థానవిలువ అందలేదు. 42లోంచి 17 తీసేస్తే 35 వచ్చిందంటే, 7లోంచి 2 తీశారు. ఎక్కాలు వల్లె వేయిస్తే ఇది పోదు. పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టించాలి. 42 అంటే 4 కట్టలు, 2 పుల్లలు. ఒక కట్ట విప్పితే 12 పుల్లలు. అందులో 7 తీస్తే 5 పుల్లలు. మిగిలిన 3 కట్టల్లో ఒకటి తీస్తే 2 కట్టలు. జవాబు 25.

మూడో తరగతి పూర్తయ్యేసరికి 9999 వరకు సంఖ్యలు రావాలన్నది 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో ఒకటి. తెలంగాణలో 2022లో 'తొలిమెట్టు' వచ్చింది. ఇలాంటి శిక్షణ నిలవాలంటే టీచర్లు పిల్లల నోటుపుస్తకాలు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ముందు పెట్టుకుని, కలిసి వచ్చే వారం పాఠ్య ప్రణాళిక వేసుకోవాలి.

డీఎస్సీకి చదివే మిత్రులారా, పోస్టు వచ్చాకా మనం నేర్చుకుంటూనే ఉండాలి. ఆ అలవాటు హాస్టల్ స్టడీ అవర్‌లోనే మొదలుపెడదాం. తమ్ముళ్లను, చెల్లెళ్లను "తప్పు" అనే ముందు "ఎలా చేశావు?" అని అడుగుదాం.