జావాలో లెక్క దారితప్పే చోటు

జావా ప్రోగ్రామింగ్ భాషలో పూర్ణాంకాలకు ఎక్కువగా వాడే ఇంట్ రకానికి 32 బిట్ల చోటే ఉంటుంది. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. దానికి ఒకటి కలిపితే ప్రోగ్రాం ఆగదు, హెచ్చరికా రాదు. మోసుకొచ్చిన ఒకటి ధన, రుణ గుర్తును తెలిపే మొదటి బిట్‌లోకి చేరి, జవాబు −2,14,74,83,648 అవుతుంది. ఇదే ఓవర్‌ఫ్లో.

బైట్, షార్ట్ వంటి చిన్న రకాలు లెక్కలోకి దిగగానే ముందు ఇంట్‌గా మారతాయి. దీన్ని టైప్ ప్రమోషన్ అంటారు. బైట్ గరిష్ఠ విలువ 127 అయినా, చెరో 100 ఉన్న రెండు బైట్లను కూడితే 200 సరిగ్గానే వస్తుంది. ఆ మొత్తాన్ని మళ్లీ బైట్‌లో పెట్టబోతే కంపైలర్ ఒప్పుకోదు. అదే కూడికను += గుర్తుతో రాస్తే మాత్రం అడగకుండానే కుదించి −56 ఇస్తుంది. భాషలో ఇంతకన్నా మోసపుచ్చే సౌకర్యం అరుదు.

ఇంట్ పక్కన 64 బిట్ల లాంగ్ ఉంటే ఇంట్ కూడా లాంగ్ అవుతుంది. అయితే ఈ నిర్ణయం లెక్కలో పాల్గొనే సంఖ్యలను బట్టే జరుగుతుంది. జవాబు ఎక్కడ దాచబోతున్నారన్నది భాష చూడదు. చాలామంది పొరబడేది ఇక్కడే. రోజుకు ఎన్ని మైక్రోసెకన్లో తెలియాలంటే 24 × 60 × 60 × 1000 × 1000 గుణించాలి. అసలు జవాబు 8,640 కోట్లు. దాన్ని లాంగ్‌లో దాచినా దక్కేది 50,06,54,080 మాత్రమే, ఎందుకంటే గుణకారమంతా ఇంట్‌లోనే ముగిసిపోయింది. మొదటి 24 పక్కన ఎల్ అక్షరం చేరిస్తే లెక్క మొదటి నుంచీ లాంగ్‌లో నడిచి సరిపోతుంది.

ఆరితేరినవారూ దీనికి అతీతులు కారు. జావా సొంత లైబ్రరీలో, వరుస క్రమంలో ఉన్న జాబితాను సగాలుగా చేస్తూ వెతికే బైనరీ సెర్చ్‌లో మధ్య స్థానం కోసం రెండు హద్దులను కూడి సగం చేసేవారు. జాబితాలో 107 కోట్లకు పైగా అంశాలుంటే ఆ కూడికే పొంగి రుణసంఖ్య కావచ్చని 2006లో ప్రోగ్రామర్ జాషువా బ్లాక్ వెల్లడించారు. హద్దుల తేడాలో సగాన్ని కింది హద్దుకు కలిపితే ఆ చిక్కు ఉండదు.

సీ భాషలో పరిస్థితి ఇంకా కఠినం. గుర్తు ఉన్న పూర్ణాంకం పొంగితే ఏం జరగాలో ప్రమాణమే చెప్పదు. అసలు పొంగదనుకుని కంపైలర్ మన తనిఖీలనే తీసేయవచ్చు. పైథాన్‌లో పూర్ణాంకం అవసరమైనంత పెరుగుతుంది. జావాలో 2014 నుంచి యాడ్‌ఎగ్జాక్ట్, మల్టిప్లైఎగ్జాక్ట్ అనే ఫంక్షన్లు ఉన్నాయి; హద్దు దాటితే తప్పుడు జవాబుకు బదులు ఎక్సెప్షన్ విసురుతాయి.