జెరేనియము: ఒక పేరు, రెండు మొక్కలు

సుగంధ తైలమునకై మన రైతులు కొందఱు సాగుచేయు జెరేనియము నిజమునకు జెరేనియము కాదు. నీలగిరులందును హిమాలయములందును తనంత మొలచు చిన్నమొక్క, జెరేనియం నేపాలెన్సె, ఆ పేరునకు హక్కుగలది. గ్రీకున గెరానోస్ అనఁగా బెగ్గురుపక్షి. కాయ దాని ముక్కువలె కోసుగా నుండును. 1753లో లిన్నేయసు రెండు తెగలను ఒక్కపేరనే యుంచెను. 1789లో లెరిటియే తైలపుమొక్క తెగను వేఱుచేసి పెలార్గోనియ మనెను. పెలార్గోస్ అనఁగా కొంగ; పక్షి మాఱినది, ముక్కు మాఱలేదు! అంగడిలో మాత్రము పాతపేరే నిలిచినది.

అడవిమొక్క పూవునకు రేకు లైదును సమానములు. తైలపుమొక్కకు మీఁది రెండు రేకులు వేఱుగా నుండును. తైలపుమొక్కను కొమ్మముక్కలు నాటి పెంచెదరు. కావున “జెరేనియము విత్తనము” అని యెవరైనఁ బొట్లము చూపినచో కొనవలదని మా సలహా. మొక్కలు కొనునపుడు రసీదుపై పెలార్గోనియం గ్రేవియొలెన్స్ అని వ్రాయించుకొనుఁడు.