ఆవిరి పంపకం

హౌరా-చెన్నై రైలుమార్గంలో పలాసకు, మందస రోడ్డుకు నడుమ ఉన్న చిన్న స్టేషను సుమ్మాదేవి. ఈ ప్రాంతానికి తూర్పున, సముద్రతీరం దాకా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు పరచుకొన్న సీమను ఉద్దానం అంటారు. ఉద్యానం అనే మాటే జనుల వాడుకలో ఉద్దానమైంది. 2018 అక్టోబరు 11న తీరాన్ని తాకిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలమట్టం చేసింది. అయినప్పటికీ పలాస పేరు వినగానే తెలుగువారికి నేటికీ మొదట స్ఫురించేది జీడిపప్పే.

చెట్టున కాసిన జీడిపిక్క పప్పుగా మారడానికి నిప్పు కావాలి. పిక్క పెంకులో చర్మాన్ని పొక్కించే ఘాటైన నూనె ఉంటుంది. పూర్వం పిక్కలను నిప్పుపై కాల్చి పెంకును పెళుసుబార్చేవారు. ఆ పద్ధతిలో కమ్ముకొనే పొగ పనివారికీ, ఇరుగుపొరుగువారికీ బాధాకరంగా ఉండేది. ఆవిరి పద్ధతి వచ్చాక పిక్కలను మూసిన పాత్రలో కొన్ని నిమిషాలు ఉడికించి, ఆరబెట్టి, ఆ తరువాత కోత యంత్రాలపై పగులగొడుతున్నారు. పెంకు నుండి వెలువడిన పప్పును వేడిగదిలో ఆరబెట్టి, పైపొట్టు తీసి, పరిమాణాన్ని బట్టి వేరుచేస్తారు. ఉడికించే పాత్రలకూ, అనేకచోట్ల వేడిగదికీ కూడా ఆవిరిని అందించేది ఒకే బాయిలరు. కనుక పప్పు మిల్లుకు బాయిలరే గుండెకాయ.

ఆ గుండె సరిగా పనిచేయకపోతే దాని ఫలితం చివరకు మనుషులపై పడుతుంది. ఆవిరి చాలని పిక్క పెంకు మొండిగా ఉంటుంది. కోతలో పప్పు ముక్కలవుతుంది. ఆవిరి మితిమీరితే పెంకులోని నూనె పప్పుకు అంటి రంగు చెడుతుంది. గుండుపప్పుకూ, ముక్కపప్పుకూ ధరలో ఎంతో అంతరం ఉంది. కోతపనిలోనూ, పొట్టుతీతలోనూ ఉన్నవారిలో అధికులు మహిళలు. తూకం లెక్కన కూలి లభించేచోట మొండి పెంకుతో పెనుగులాడిన పూట వారి సంపాదన తగ్గుతుంది, చేతులకు నూనె అంటడం పెరుగుతుంది. బాయిలరు నిర్వహణ కేవలం ఇంధన వ్యయానికి సంబంధించిన విషయం కాదనడానికి ఇదే నిదర్శనం.

మిల్లులో ఆవిరి చాలడం లేదనగానే సాధారణంగా చేసే పని పొయ్యిలో మరికొంత పెంకునో, కట్టెనో వేయడం. అది తొందరపాటు. కాల్చిన ఇంధనంలోని వేడి ఎక్కడికి పోతున్నదో ముందుగా తెలుసుకోవాలి. అందుకు ఒక క్రమం ఉంది: మొదట మంట, పిదప నీరు, ఆ తరువాత గొట్టాలు, చివరగా పంపకం. మూలంలో దోషం ఉండగా కొసను సరిదిద్దడం నిష్ప్రయోజనం.

మంటను గురించి పొగగొట్టమే చెబుతుంది. నల్లని పొగ వస్తున్నదంటే ఇంధనానికి తగిన గాలి అందడం లేదని, సగం కాలిన ఇంధనం వృథాగా పోతున్నదని అర్థం. అలాగని గాలిని అమితంగా వదిలితే ఆ గాలి వేడెక్కి, ఆ వేడితోనే బయటికి పోతుంది. తడిసిన పెంకును వేస్తే దానిలోని తేమను ఆర్పడానికే కొంత వేడి ఖర్చవుతుంది. ఇంధనాన్ని వానకు తడవకుండా దాచడం అందుకే అవసరం. పొగగొట్టంలో ఉష్ణోగ్రత రోజురోజుకూ పెరుగుతున్నట్లయితే లోపలి గొట్టాలకు మసి పట్టి వేడి నీటికి చేరడం లేదని గ్రహించాలి. పొగ ఉష్ణోగ్రతను సుమారు 22 డిగ్రీలు తగ్గించగలిగితే బాయిలరు సామర్థ్యం ఒక శాతం పెరుగుతుందని ఇంజనీర్ల అంచనా.

రెండవది నీరు. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు మరిగినకొద్దీ గొట్టాల లోపల గట్టి పెచ్చుగా పేరుకొంటాయి. ఇంటిలో నీళ్లు కాచే గిన్నె అడుగున కనబడే తెల్లని పొర వంటిదే ఇది. ఒక మిల్లీమీటరు మందం గల పెచ్చు ఇంధన వ్యయాన్ని 5 నుండి 8 శాతం వరకు పెంచగలదు. అంతేకాక పెచ్చు చాటున లోహం మితిమీరి వేడెక్కి బలహీనపడుతుంది. కఠినత్వం తొలగించిన నీటిని వాడడం, అడుగున చేరిన మడ్డినీటిని నియమిత కాలంలో వదలడం దీనికి మార్గాలు. మడ్డినీటిని అవసరానికి మించి వదిలితే దానితోపాటు వేడీ పోతుంది.

నీటిలో దాగిన మరొక లెక్క ఉంది. 30 డిగ్రీల వద్ద ఉన్న ఒక కిలో నీటిని సాధారణ పీడనంలో 100 డిగ్రీలకు తేవడానికి 70 కిలో కేలరీలు కావాలి. దానిని ఆవిరిగా మార్చడానికి మరో 540 కిలో కేలరీలు కావాలి. మొత్తం 610. అదే నీటిని 80 డిగ్రీల వేడితో పోస్తే 560 చాలు. అంటే సుమారు 8 శాతం ఆదా. ఆ వేడినీరు ఎక్కడిదో వెతకనక్కరలేదు. వేడిగది గొట్టాలలో ఆవిరి చల్లారి ఏర్పడే నీరు శుభ్రంగా ఉంటుంది. దానిని తిరిగి బాయిలరుకు మళ్లించవచ్చు. పిక్కలను ఉడికించిన పాత్రలోని నీటికి పెంకు నూనె కలిసి ఉంటుంది గనుక దానిని బాయిలరులోకి రానీయకూడదు.

మూడవది గొట్టాలు. తొడుగులేని గొట్టం చుట్టూ ఉన్న గాలిని వేడిచేస్తూ పోతుంది. సన్నని చిల్లు నుండి వచ్చే బుసను చిన్నదని ఉపేక్షించరాదు. అది రాత్రింబవళ్లు సాగే నష్టం. గొట్టాలలో నిలిచిన గాలీ, నీరూ ఆవిరికి దారి ఇవ్వవు. నీటిని మాత్రమే బయటికి పంపి ఆవిరిని ఆపే స్టీమ్ ట్రాపు చెడిపోయి తెరుచుకొని ఉంటే విలువైన ఆవిరి కాలువ పాలవుతుంది. మూసుకొనిపోతే వేడిగది చల్లబడుతుంది.

ఇవన్నీ సరిచూసిన పిమ్మటనే పంపకం వంతు. ఆవిరి ఎప్పుడూ అడ్డంకి తక్కువగా ఉన్న దారినే వెళుతుంది. బాయిలరుకు దగ్గరగా ఉన్న పాత్ర వాల్వు పూర్తిగా తెరిచి ఉంచితే అది అవసరానికి మించి తీసుకొంటుంది. దూరాన ఉన్నది ఆకలితో మిగులుతుంది. అప్పుడు మంట పెంచితే దగ్గరి పిక్క మాడుతుందే తప్ప దూరపు పిక్క సరిగా ఉడకదు. చేయవలసినది దగ్గరి వాల్వును కొద్దికొద్దిగా తగ్గిస్తూ, దూరపు పాత్ర వద్ద ఉష్ణమాపకాన్ని గమనించడం. ఒకసారి ఒక వాల్వునే మార్చి, కొంతసేపు ఆగి, ఫలితం రాసుకొని, ఆపై రెండవదాని జోలికి పోవాలి.

చలిదేశాలలోని ఇళ్లలోనూ ఇదే సమస్య. అక్కడ ఒక బాయిలరు నుండి గదిగదికీ వేడినీటిని పంపి ఇంటిని వెచ్చగా ఉంచుతారు. దగ్గరి గది ఉడికిపోతూ, చివరి గది వణికిస్తున్నప్పుడు అక్కడి పనివారు బాయిలరు వేడిని పెంచరు. దగ్గరి గది వాల్వును తగ్గిస్తారు. నీరైనా ఆవిరైనా, ఇంటికైనా మిల్లుకైనా సూత్రం ఒక్కటే.

పొదుపు కోసం భద్రతను బలిపెట్టడం మాత్రం తగదు. 1679లో డెనిస్ పాపిన్ ఆవిరిపాత్రను రూపొందించిన కాలం నుండీ రక్షక కవాటం దానికి తోడుగా ఉన్నది. పీడనం హద్దు మీరినప్పుడు అది తానుగా తెరుచుకొని ప్రాణాలు కాపాడుతుంది. ఆవిరి పోతున్నదని దానిపై బరువు పెట్టడం ఆత్మహత్యా సదృశం. నీటిమట్టం ప్రమాదస్థాయికి పడిపోతే కాలిన లోహంపై చన్నీరు పోయరాదు. మంటను ఆపి, బాయిలరును చల్లారనివ్వాలి. ఈ కారణాల చేతనే మనదేశంలో 1923లో బాయిలర్ల చట్టం వచ్చింది. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం ఏర్పడింది. మరమ్మతులు అర్హతగలవారే చేయాలి. పీడనమాపకాన్నీ, నీటిమట్టాన్నీ చూడడం మాత్రం బాయిలరు వద్ద ఉన్నవారి నిత్యకృత్యం కావాలి.

ఈ శ్రమ ఫలించిందో లేదో తేల్చడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. ఉద్దానంలో పిక్కలను 80 కిలోల బస్తా లెక్కన కొంటారు. ఒక్కొక్క బస్తాకు ఎంత ఇంధనం కాలిందో, ఎంత గుండుపప్పు వచ్చిందో ఒక పుస్తకంలో రోజూ రాస్తే చాలు. మొదటి అంకె తగ్గి, రెండవది పెరిగితే బాయిలరు ఆరోగ్యంగా ఉన్నట్లు. పొగ తగ్గిన ఊరికీ, మెత్తబడిన పెంకును సులువుగా కోసే చేతులకూ ఆ పుస్తకంలోని అంకెలే శుభవార్త. కొరత అనుకొన్నది ఎన్నోసార్లు పంపకంలోని లోపమే. మంటను పెంచే ముందు ఆ లోపాన్ని వెతకడమే వివేకం.