ఊరికే వచ్చిందని వాడితే..!

పెళ్లి శుభలేఖలు అచ్చాఫీసులో వేయించే రోజులు పోతున్నాయి. వధూవరుల ఫొటోలు, ముహూర్తం, విందు వేళ, వెనుక సన్నాయి... అన్నీ కలిపి వీడియో చేయించి సెల్‌ఫోన్లకు పంపేస్తున్నారు. ఫొటోలు, పేర్లు ఇస్తే చాలు, వీడియోను తనంతట తానే తయారుచేసే సాఫ్ట్‌వేర్ రాసి స్టూడియోలకు అమ్ముదామని కంప్యూటర్ చదువుల కుర్రాళ్లు ఉత్సాహపడుతున్నారు. మంచిదే. అయితే చిక్కు ఒకచోట ఉంది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ మొదలంటా సొంతంగా రాయరు. వీడియో కూర్చేందుకు ముందే రాసిపెట్టిన భాగాలు ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతాయి. వీటినే లైబ్రరీలంటారు. ఊరుమ్మడి చెరువుకైనా తూము ఎత్తే కట్టుబాటు ఉన్నట్టే, ప్రతి లైబ్రరీకీ ఒక లైసెన్సు ఉంటుంది. దాన్ని చదివేవారే తక్కువ.

వీటిలో పెద్దది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో దీన్ని ప్రారంభించారు. దీని లైసెన్సు ఎల్‌జీపీఎల్, కాస్త ఉదారమైనదే. లైబ్రరీని విడిగా ఉంచి, వాడిన సంగతి చెప్పి, దాని సోర్సు కోడ్ కొన్నవారికి అందుబాటులో ఉంచితే సొంత ప్రోగ్రామును గుట్టుగా దాచుకోవచ్చు.

వీడియోను కుదించే ఎక్స్264ను దీనికి తగిలించారో, కథ మారిపోతుంది. దానిది జీపీఎల్ లైసెన్సు. దాన్ని తమ ప్రోగ్రాములో కలిపి అమ్మితే, కొన్నవారికి సొంత ప్రోగ్రాము సోర్సు కోడ్ కూడా ఇవ్వాల్సిందే. వారు దాన్ని మరొకరికి పంచినా కాదనకూడదు. నెలల తరబడి రాసిన పని పక్క స్టూడియోకు ఊరికే పోయినా నోరెత్తే వీలుండదు. ఇష్టం లేనివారు హక్కుదారులకు డబ్బు కట్టి వేరే లైసెన్సు తీసుకోవచ్చు.

మూవీపై అనే లైబ్రరీది ఎంఐటీ లైసెన్సు. కాపీరైటు ప్రకటన చెరపకుండా ఉంచితే చాలు. కానీ లోపల పనిచేసేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగే! దాన్నీ జతచేసి అమ్మితే దాని షరతులూ పాటించాలి. రీమోషన్‌ది ఇంకో దారి. ముగ్గురు ఉద్యోగుల వరకు ఉన్న సంస్థకు ఉచితం. నాలుగో మనిషి చేరితే డబ్బు కట్టాలి.

ఇవి కాగితం మీది మాటలు కావు. టీవీ కార్యక్రమాలను దూరానికి పంపే పరికరాలు చేసే మాన్‌సూన్ మల్టీమీడియా అనే సంస్థ, జీపీఎల్ కింద ఉన్న బిజీబాక్స్‌ను వాడి సోర్సు కోడ్ ఇవ్వలేదంటూ రచయితలు 2007 సెప్టెంబరులో న్యూయార్క్ కోర్టుకెక్కారు. అక్టోబరులో సంస్థ రాజీకొచ్చి, సోర్సు కోడ్ బయటపెట్టడంతోపాటు సొమ్మూ చెల్లించింది.

స్టూడియోవారు కంగారు పడనక్కర్లేదు. తమ కంప్యూటర్‌లో వీడియో తయారుచేసి, గిరాకీకి ఆ వీడియో మాత్రమే ఇస్తే జీపీఎల్ అడ్డు రాదు. సాఫ్ట్‌వేర్‌నే మరొకరి చేతికి ఇచ్చినప్పుడే పేచీ. అమ్మేవారు మాత్రం ముందుగా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను ఒకసారి నడిపి, తెర మీద మొదట వచ్చే వరుసలు చూసుకోవాలి. అందులో 'ఎనేబుల్ జీపీఎల్' అని ఉంటే జీపీఎల్ షరతులు వచ్చిపడినట్టే. 'ఎనేబుల్ నాన్‌ఫ్రీ' అని ఉంటే ఆ ప్రతిని మరొకరికి ఇవ్వడానికే వీల్లేదు.