మౌస్ కర్సరు రూపము మాఱకుండుట – కారణ విచారము

కంప్యూటరు తెరపై మౌసుతోఁ గదలు గుర్తును కర్సరు అందురు. అది వ్రాతపై నున్నప్పుడు నిలువుగీతగను, లంకెపై చేతి యాకారముగను, పని సాగుచున్నప్పుడు తిరుగు చక్రముగను గనఁబడును. కావున నది స్థానమును మాత్రమే కాక ప్రోగ్రాము యొక్క యవస్థను గూడఁ దెలుపు సంకేతము. పని ముగిసినను చక్రము తొలఁగనిచో, పనిచేయువాఁడు ప్రోగ్రాము స్తంభించినదని తలఁచి దానిని మూసివేయును. అప్పటికి భద్రపఱుపని వ్రాత యెల్ల నశించును. ఈ దోషమునకు మూల మెచ్చట నున్నదో విచారింతము.

కర్సరు చక్కఁగాఁ గదలుచు, రూపము మాత్రమే మాఱకున్నచో మౌసును నిందించుట తగదు. రూపమును నిర్ణయించుటలో ప్రోగ్రామునకును బాధ్యత కలదు.

మొదట విండోస్ వ్యవస్థను గైకొందము. ఇందు ఒకే లక్షణములు గల విండోలు ఒక వర్గముగా నెన్నఁబడును. ఆ వర్గమున కొక సామాన్య కర్సరును ముందుగా నియమింపవచ్చును. విండోపై మౌసు కదలినప్పుడు వ్యవస్థ ‘సెట్‌కర్సర్’ అను సందేశమును దానికిఁ బంపును. విండో దానిని స్వయముగా నిర్వహింపనిచో సందేశము తల్లి విండోకుఁ జేరును. అదియు నుపేక్షించినచో వర్గకర్సరే నిలుచును. వ్యాకరణ పరిభాషలోఁ జెప్పవలెనన్న, వర్గకర్సరు ఉత్సర్గము. విండో చేయు నిర్ణయము అపవాదము.

కొందఱు ప్రోగ్రాము రచయితలు ఈ సందేశమును విడిచి, మౌసు కదలికను దెలుపు వేఱొక సందేశమునందుఁ గర్సరును మార్తురు. అపవాదము తన స్థానమునఁ జెప్పఁబడమిచే ప్రతి కదలికయందును ఉత్సర్గము మరలఁ బ్రవర్తించును. రెండు రూపములును ఒకదానివెంట నొకటి మినుకుమినుకు మనును. సెట్‌కర్సర్ సందేశమునందే రూపమును నిర్ణయించి, పని నిర్వహింపఁబడినదని వ్యవస్థకు సమాధాన మిచ్చుటయో, వర్గకర్సరును శూన్యముగా నుంచుటయో దీనికిఁ బరిహారము.

మఱియు నీ సందేశము మౌసు కదలిక ననుసరించి వచ్చునది. మౌసు నిశ్చలముగా నుండఁగా ప్రోగ్రాము లోపలి యవస్థ మాత్రమే మాఱినచో పాతరూపమే నిలిచియుండును. మౌసును కొంచెము కదల్పఁగానే సరియగును. అట్టిచోట ప్రోగ్రామే తత్క్షణము కొత్తరూపమును నియమింపవలయును. ఒక విండో మౌసును తన వశము చేసికొనియున్నంత కాలము సెట్‌కర్సర్ సందేశమే రాదు. దీర్ఘగణనమున మునిఁగిన ప్రోగ్రాము సందేశములను గ్రహింపఁజాలదు.

1984లో ఎం.ఐ.టి. యందుఁ బుట్టిన ఎక్స్ విండో వ్యవస్థలో రీతి వేఱు. అందుఁ గర్సరు విండోకు గుణము. ఒకసారి నియమించినచో ప్రదర్శన సర్వరే తగినచోట దానిని జూపును. నియమింపనిచోఁ దల్లి విండో కర్సరు వర్తించును. అయితే ప్రోగ్రాము చేయు విన్నపములు వెంటనే పంపఁబడక తాత్కాలిక నిలువలోఁ జేరుచుండును. వేచియుండుమను గుర్తును గోరి, ఆ నిలువను బంపకయే దీర్ఘగణనమునకుఁ గడంగినచో, గుర్తు వేళకుఁ గనఁబడదు. గణనమునకు ముందు నిలువను బంపివేయుట కర్తవ్యము.

కావునఁ బరీక్షాక్రమ మిది: మౌసు కదల్చినప్పుడు రూపము సరియగునేమో మొదటఁ జూడవలయును, పిదప మౌసు ఏ విండో వశమున నున్నదో, నిర్ణయము తగిన సందేశమునందే జరిగినదో లేదో, ప్రోగ్రాము సందేశములను గ్రహించుచున్నదో లేదో విమర్శింపవలయును. దోషము కంటికిఁ దెరపైఁ గనఁబడినను, దాని మూలము నిర్ణయాధికార క్రమమునందే యున్నది.