సింథసైజర్ పెట్టెలో చోటు, కరెంటు, ఎండ

మాడ్యులర్ సింథసైజర్ సమకూర్చుకునేవారు ముందుగా చూసేది చోటు. పెట్టెలో ఎన్ని మాడ్యూళ్లు పడతాయో లెక్క వేసుకుంటారు. ఆ లెక్క కంటికి కనబడుతుంది. కనబడనిది కరెంటు లెక్క. విజయవాడలో ఉండేవారు దానికి తోడు ఎండ లెక్క కూడా వేయాలి. నా దృష్టిలో ఈ మూడూ విడివిడిగా వేసే లెక్కలు కావు.

స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్, దాన్ని వడపోసే ఫిల్టర్, హెచ్చుతగ్గులు చూసుకునే ఆంప్లిఫయర్ వేర్వేరు పలకలుగా ఉండి, వాటిని వాయించేవారే తీగలతో కలుపుకోవడం ఈ వాద్యం పద్ధతి. మన దేశానికి ఇది మరీ కొత్తదేమీ కాదు. అహమ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు 1969లోనే మోగ్ సింథసైజర్ వచ్చింది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని అమర్చగా, గీతా సారాభాయ్ వంటివారు దానిపై పనిచేశారు. అది స్టూడియోలో కదలకుండా ఉండే యంత్రం. జర్మనీకి చెందిన డీటర్ డోప్ఫర్ 1990ల మధ్యలో తెచ్చిన యూరోర్యాక్ కొలతలతో అదే పద్ధతి చేతిపెట్టెలోకి దిగింది.

ఆ కొలతల ప్రకారం పలక ఎత్తు 128.5 మి.మీ. వెడల్పును 5.08 మి.మీ.ల ‘హెచ్‌పీ’లతో కొలుస్తారు. 84 హెచ్‌పీల వరుస సుమారు 427 మి.మీ. ఉంటుంది. లోతు మాత్రం మాడ్యూలుకొక తీరు: 25 మి.మీ.తో సరిపెట్టుకునేవీ ఉన్నాయి, 50 దాటేవీ ఉన్నాయి. వెనుక కరెంటు కేబుల్ వంపు తిరగడానికీ జాగా వదలాలి.

మాడ్యూళ్లకు కావలసింది +12, −12 వోల్టులు, కొన్నింటికి +5 వోల్టులు. ఏది ఎన్ని మిల్లీ ఆంపియర్లు లాగుతుందో తయారీదారులు చెబుతారు. మూడింటినీ విడివిడిగా కూడాలి. పవర్ సప్లై +12 వైపు 1200 ఇస్తుందనుకుందాం. కూడితే 1150 వచ్చిందని సంతోషించడానికి లేదు. డిజిటల్ మాడ్యూళ్లు మొదలయ్యే క్షణంలో ఎక్కువ లాగుతాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారే మేల్కొంటాయి. 900 దగ్గర ఆగడం క్షేమం.

ఇక ఎండ. సప్లైలో వోల్టేజీని నిలకడగా ఉంచే లీనియర్ రెగ్యులేటర్ చిప్ 17 వోల్టులు తీసుకుని 12 ఇస్తూ ఒక ఆంపియర్ నడిపితే, మిగతా 5 వోల్టులూ 5 వాట్ల వేడిగా మారతాయి. హీట్‌సింక్ బిగించినా వాటుకు 10 డిగ్రీల చొప్పున చిప్ లోపల 50 డిగ్రీలు పెరుగుతాయనుకుందాం. 25 డిగ్రీల గదిలో అది 75 దగ్గర ఉంటుంది. మే నెలలో బెజవాడ ఎండకు మూసిన పెట్టె లోపల 55 ఉంటే చిప్ 105కు చేరుతుంది. హద్దు 125. అంటే 50 డిగ్రీల వెసులుబాటు 20కి పడిపోయింది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు కూడా ప్రతి 10 డిగ్రీలకూ సుమారు సగమవుతుంది. ఫ్యాన్ పెడితే దాని చప్పుడు మైకులోకి వస్తుంది. కింద, పైన గాలి రంధ్రాలు పెట్టడమే మేలు.

అన్నిటికన్నా సూక్ష్మమైనది శ్రుతి విషయం. ఆసిలేటర్‌కు ఒక వోల్టు పెంచితే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది. స్థాయిని 1200 సెంట్లుగా విభజిస్తే ఒక సెంటు 0.83 మిల్లీవోల్టులు. గ్రౌండ్ తీగ నిరోధం ఓమ్‌లో నూరో వంతే అయినా, ఒక ఆంపియర్ పారితే 10 మిల్లీవోల్టుల తేడా వస్తుంది, అంటే 12 సెంట్లు. మన సంగీతంలో ప్రమాణ శ్రుతి అనే సూక్ష్మ అంతరం సుమారు 21.5 సెంట్లు, అందులో సగానికి మించి తప్పినట్టే! స్థిరంగా ఉండే తేడాను శ్రుతి చేసుకుని సరిదిద్దవచ్చు. మాడ్యూళ్ల మీది లైట్లు వెలిగి ఆరుతూ 200 మిల్లీ ఆంపియర్లు ఊగితేనే చిక్కు. అప్పుడు స్వరం 2.4 సెంట్లు కదులుతుంది. 240 హెర్ట్జ్‌ల తంబురా నాదం పక్కన వింటే మూడు సెకన్లకొక అల లేస్తుంది. దివిసీమ రైతుకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు: కాలువ మొదట్లో వాడకం పెరిగితే చివరి పొలాలకు నీటిమట్టం తగ్గుతుంది.

అందుకే ఎక్కువ కరెంటు లాగేవాటిని సప్లై దగ్గరే ఉంచాలి. అప్పుడు వాటి కరెంటు, మాడ్యూళ్లన్నిటికీ కరెంటు పంచే బస్ బోర్డు పొడవునా పారదు. ఆసిలేటర్లను ఆ వేడికి దూరంగా పెట్టి, వాటికి వేరే మందపాటి గ్రౌండ్ తీగ ఇవ్వాలి. ఏ పలక చేతికి అందుబాటులో ఉండాలన్నది ఆ తర్వాతే తేల్చుకోవాలి.

పెట్టె చేయించడానికి ఇక్కడ కొదవలేదు. నూజివీడులో వీణలకు వాడే పనసచెక్క ఉంది. లారీ బాడీలు కట్టే ఆటోనగర్‌లో రేకు పని ఉంది. చెక్క వానాకాలం తేమకు ఉబ్బుతుంది కాబట్టి, మాడ్యూళ్లు బిగించే అల్యూమినియం పట్టీలకు ఒకవైపు కాస్త వదులు ఉంచాలి. మచిలీపట్నం వైపు ఉప్పుగాలికి సాకెట్లు చిలుము పడతాయి. వాడనప్పుడు మూత వేసి ఉంచాలి. ఇంట్లో ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దైతే ట్రాన్స్‌ఫార్మర్ సప్లై గుయ్యిమంటుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఖర్చు ఎక్కువైనా తప్పదు.

మాడ్యూళ్లు తగిలించకముందే మల్టీమీటర్‌తో మూడు వోల్టేజీలూ చూడాలి. రిబ్బన్ కేబుల్ ఎర్ర గీత −12 వైపు ఉండాలి. తిరగబడితే మాడ్యూలు కాలిపోవచ్చు. అన్నీ తగిలించాక గంటసేపు నడిపి మళ్లీ కొలవాలి. ఆ కొలత డిసెంబరులో కాదు, మే నెల మధ్యాహ్నం ఏసీ ఆపి తీసుకోవాలి.