ఖరీదైన స్పీకరు కొనే ముందు

లక్షలు పోసి కొన్న స్పీకర్లు షోరూములో మోగినట్టు ఇంట్లో మోగకపోవడానికి మొదటి కారణం గది. అనకాపల్లి జిల్లా ఉప్మాకలో ఇప్పుడు కట్టే ఇల్లు ఎలా ఉంటుందో చూస్తే సంగతి అర్థమవుతుంది. పైన కాంక్రీటు స్లాబు, కింద నున్నటి టైల్స్, నాలుగు వైపులా సిమెంటు గోడలు. ఖాళీ గదిలో ఒకసారి చప్పట్లు కొడితే శబ్దం ఖంగుమని కాసేపు నిలుస్తుంది. పాటలోని మాటలు అలుక్కుపోయేది ఆ మోత వల్లే.

అంతకన్నా పెద్ద చిక్కు బేస్‌తో వస్తుంది. ఎదురెదురు గోడల మధ్య 12 అడుగుల దూరముంటే సుమారు 47 హెర్ట్జ్ దగ్గర గది తానే గుమ్మని మోగుతుంది. చిన్న స్పీకర్లు చాలావరకు అంత లోతు శబ్దాన్ని బలంగా ఇవ్వలేవు కాబట్టి ఈ దోషం బయటపడదు. 30 హెర్ట్జ్ దాకా దిగే పెద్ద టవర్ స్పీకరు మాత్రం దాన్ని తట్టి లేపుతుంది. ఎక్కువ డబ్బిచ్చి కొన్న గుణమే చిన్న గదిలో లోపమవుతుంది. మందపాటి కర్టెన్లు, తివాచీ మోతను తగ్గిస్తాయి గాని, గది ఇలా గుమ్మనడాన్ని పెద్దగా తగ్గించలేవు. ఇలాంటి గదికి చిన్న స్పీకర్ల జత కొనుక్కోవడమే తెలివైన పని.

తర్వాతిది ఆంప్లిఫయరు ఖర్చు. స్పీకరు సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవరుకు ఎంత బిగ్గరగా మోగుతుందన్న కొలత, 90 డెసిబెళ్లకు బదులు 84 ఉంటే, అంతే బిగ్గరగా మోగడానికి నాలుగు రెట్ల పవరు కావాలి. కాగితం మీద నిరోధం 8 ఓమ్‌లని రాసిన స్పీకర్లు కూడా కొన్ని స్వరాల దగ్గర 3, 4 ఓమ్‌లకు పడిపోతాయి. అప్పుడు మామూలు ఆంప్లిఫయరు వేడెక్కి ఆగిపోవచ్చు. వోల్టేజీ ఎగుడుదిగుడులున్న చోట స్టెబిలైజరు, మంచి ఎర్తింగ్ ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి.

ఉప్మాక ఉన్న నక్కపల్లి మండలం సముద్రతీరాన ఉంది. తేమకు, ఉప్పుగాలికి వెనకనున్న తీగల టెర్మినళ్లకు చిలుము పడుతుంది. చెక్కపొడితో చేసిన పెట్టె తడి తగిలితే ఉబ్బుతుంది, చెదలు పట్టవచ్చు. కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు ఎక్కువ కాలం మన్నుతుంది గనుక కొనేటప్పుడే అది చూడాలి.

ఇంట్లో వినేదేమిటన్నదీ ముఖ్యమే. ఘంటసాల పాడిన 1950ల నాటి పాటలు మోనోలో రికార్డయినవి. వాటిని నాసిరకం ఫైళ్లలో వింటే హెచ్చు స్వరాలు పలికే మంచి ట్వీటరు గొంతుతో పాటు బుసనూ, పగుళ్లనూ స్పష్టంగా వినిపిస్తుంది. ఆ పాటలే ప్రాణమనుకునేవారికి మధ్యస్థాయి శబ్దాన్ని మృదువుగా పలికించే స్పీకరు, ఖరీదు తక్కువైనా, ఎక్కువ సుఖాన్నిస్తుంది.

ఇరుగుపొరుగు మాట కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెళ్లు. సొంత స్థలంలో మోగించే సౌండ్ సిస్టమ్ శబ్దం ఆ స్థలం హద్దు దగ్గర దీనికి 5 డెసిబెళ్లకు మించి ఎక్కువ కాకూడదు. లోతైన బేస్ గోడలను సులువుగా దాటుతుంది కాబట్టి, పెద్ద స్పీకరును దాని సత్తాకు తగ్గట్టు మోగించే వీలు పల్లెలో పక్కపక్క ఇళ్ల మధ్య తక్కువే.

చివరగా మరమ్మతు. స్పీకరు పెట్టెలో శబ్దం పుట్టించే డ్రైవరు కాలిపోతే అదే కంపెనీ విడిభాగం కావాలి. విదేశం నుంచి నేరుగా తెప్పించుకున్న జతకు ఇక్కడ వారంటీ వర్తించకపోవచ్చు. యాభై కిలోల పెట్టెను నగరానికి మోయించే ఖర్చు వేరు. అందుకే అడ్వాన్సు ఇచ్చే ముందే ఆ జతను సొంత గదిలో, రోజూ వినే పాటలతో వినిపించమని డీలరును అడగాలి. నచ్చకపోతే వెనక్కి తీసుకునే షరతును బిల్లు మీద రాయించుకోవాలి.